యజమాని గదిని చివర్లో కట్టండి

మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ చిన్న కంపెనీవాళ్లు ఆఫీసు మార్చాలనుకుంటే మొదట తేలేది ఒకటే: సార్ గది ఎక్కడ? కిటికీ ఉన్న మూల సార్‌కు పోతుంది. ఏసీ కూడా అక్కడికే. అద్దాల పార్టిషన్, పీఓపీ సీలింగ్, తిరిగే కుర్చీ, గోడకు ఎల్‌ఈడీ వెలుగులు అన్నీ ఆ పది అడుగుల గదిలోనే. లెక్కలు రాసే అమ్మాయికి మిగిలేది మెట్ల పక్క చోటు, కాలు ఊగే బల్ల. ఆమె బాత్‌రూమ్‌కు పోవాలంటే పక్క బిల్డింగువాళ్లను అడగాలి. అప్పు తెచ్చి, వడ్డీ కట్టి చేసే ఈ పనికి ఆధునీకరణ అని పేరు పెట్టారు. నా లెక్కలో ఇది పనిచేసే మనిషికి చేసే అవమానం.

డబ్బు ఏ బల్ల దగ్గర పుడుతోందో యజమానికి తెలియకపోతే అతనికి తన వ్యాపారమే తెలియనట్టు. కుప్పంలో గ్రానైట్ కొనడానికి వచ్చినవాడు సోఫా చూసి ఆర్డరివ్వడు. రాయి చూస్తాడు, కొలత చూస్తాడు, చెప్పిన రోజుకు లారీ కదిలిందా అని చూస్తాడు. ఆ కొలతలు రాసే గుమాస్తాకు సరైన వెలుతురు లేకపోతే అంకె తప్పుతుంది, సరుకు తిరిగొస్తుంది, పార్టీ ఇంకో చోటికి పోతాడు. పుంగనూరులో పాల లెక్కలు ఎక్కించేవాడు కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కూర్చోవాలి. ఇన్వర్టర్ లైను మాత్రం యజమాని గదికే ఉంటుంది. తప్పు దొర్లితే కోత అతని జీతంలో. ఇదెక్కడి న్యాయం?

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానిటోరియం వెలిసింది. క్షయను అణచే స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ బయటపడలేదు. అప్పటిదాకా పొడిగాలి, ఎండ, విశ్రాంతి, మంచి తిండి, ఇవే చికిత్స. మనిషి ప్రాణం నిలవాలంటే గాలి ఆడాలని ఈ నేల మీద నూరేళ్ల కిందటే తెలుసు. ఆనాడు రోగికి ఇచ్చిన గాలిని ఈనాడు ఆరోగ్యంగా ఉన్న ఉద్యోగికి ఇవ్వలేకపోతున్నాం. ఉన్న కిటికీని ప్లైవుడ్‌తో మూసి, దాని మీద కంపెనీ పేరు అంటిస్తున్నాం.

కుప్పానికే ఇంకో పాఠం తెలుసు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు పెట్టింది. స్వయం సహాయక సంఘాల మహిళల చేతికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, సోలార్ ప్యానెల్ ఇచ్చింది. వాళ్లు ఊరూరా తిరిగి ఫోటోలు తీసి, అక్కడికక్కడే ప్రింటు తీసిచ్చి సంపాదించారు. వాళ్లకు గది లేదు, నేమ్‌ప్లేటు లేదు. పనిముట్టు పనిచేసే చేతిలో ఉంది, కరెంటు వాళ్ల వెంటే నడిచింది. ప్రాజెక్టు కొన్నేళ్లకే ముగిసిన మాట నిజమే, కానీ పనిముట్టు ముందు, గది తర్వాత అనే ఆ వరుస సరైనది. ఆ కంపెనీ కూడా 1939లో పాలో ఆల్టోలో ఒక కారు షెడ్డులోనే మొదలైంది.

అయితే గోడలన్నీ పడగొట్టేద్దాం అని బెంగళూరు ఆఫీసులు చూసొచ్చినవాళ్లు అంటారు. అదీ గుడ్డిగా చేయొద్దు. ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గోడలు తీసేసిన ఆఫీసుల్లో ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గిపోయాయని తేలింది. పక్కనే కూర్చున్నవాళ్లు మెసేజీలు పంపుకున్నారు. లెక్క చూసేవాడికి నిశ్శబ్దం కావాలి, సరుకు పంపేవాడికి వాకిలి కనబడాలి. ఎవరికి ఏది కావాలో వాళ్లను అడక్కుండా గోడ కట్టినా తప్పే, తీసినా తప్పే. మన యజమానులు ఇంటీరియర్ డిజైనర్‌ను అడుగుతారు, వాస్తు చెప్పేవాడిని అడుగుతారు, పదేళ్లుగా ఆ బల్ల దగ్గరే కూర్చున్న మనిషిని మాత్రం అడగరు.

గోడల సంగతి అటుంచి, కుర్చీ సంగతి చూడండి. కుప్పం దాటితే తమిళనాడు. అంగళ్లలో పనిచేసేవాళ్లకు కుర్చీ వేయాలని అక్కడ 2021లో చట్టం తెచ్చారు. కేరళ 2018లోనే తెచ్చింది. కుర్చీ వేయించడానికి శాసనసభ కూర్చోవలసి వచ్చిందంటే వ్యాపారులందరూ సిగ్గుపడాలి.

యజమానులారా, మేస్త్రీని పిలిచే ముందు మీ సిబ్బందిని పిలిచి కూర్చోబెట్టుకోండి. మొదట ఆడవాళ్లకు బాత్‌రూమ్ కట్టించండి. తర్వాత బల్లలు, కుర్చీలు, మూసేసిన కిటికీలు, అందరికీ ఇన్వర్టర్. డబ్బు మిగిలితే అప్పుడు మీ గది కట్టుకోండి.