ఆకాశరామన్న క్రొత్త వేషము

పూర్వము పగ తీర్చుకొనదలచిన పిరికివాడు సంతకము లేని ఉత్తరము వ్రాసెడివాడు. దానిని మనవారు ఆకాశరామన్న ఉత్తరమనిరి. నేడు ఆకాశరామన్నకు కాగితముతో పనిలేదు. ఫోనును, దొంగపేరును చాలును. కోహీరు జామతోటలో పనిచేయువాని చేతిలోను, జహీరాబాదునకు చదువబోవు బాలిక చేతిలోను ఫోనున్నది. “నా మాట వినకున్న నీ శీలమునుగూర్చి ఊరెల్ల చాటెదను” అని ఆ బాలికకు వాట్సాపులో వర్తమానము వచ్చినదనుకొందము. ఇంటిలో నేమి జరుగును? తండ్రి ఫోను లాగుకొనును. అవ్వ పెండ్లి సంబంధములు చూడుమనును. వ్రాసినవాడు సుఖముగా నుండును, శిక్ష పిల్లకు!

ఇందులకు క్రొత్త చట్టము కావలెనని సభలలో ఘోషించువారు గలరు. మేము ఒప్పుకొనము. 1860 నాటి శిక్షాస్మృతియే పేరు దాచి బెదరించువానికై 507వ సెక్షనును ప్రత్యేకముగా నేర్పరచినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 351వ సెక్షనున చేరినది. బెదరింపునకు రెండేండ్ల వరకు కారాగారము; చంపెదనన్నను, స్త్రీకి శీలదోషము అంటగట్టెదనన్నను ఏడేండ్ల వరకు; పేరు దాచినచో అదనముగా మరి రెండేండ్ల వరకు. ఇంతకంటె నేమి కావలెను?

క్రొత్త చట్టము రుచియు చూచితిమి. సమాచార సాంకేతిక చట్టమున 66ఏ సెక్షను 2009లో అమలునకు వచ్చినది. అది బెదరింపుతోపాటు చిరాకు, అసౌకర్యము కలిగింపబూనిన వ్రాతకును మూడేండ్ల వరకు శిక్ష విధించినది. అధికారమున నున్నవారికి చిరాకు కలుగుట యెంతసేపు? 2012లో బాల్ ఠాక్రే మరణించినప్పుడు బొంబాయి మూతపడుటను ప్రశ్నించుచు ఫేస్‌బుక్కులో వ్రాసిన యువతిని, దానిని మెచ్చిన స్నేహితురాలిని పాల్ఘరులో నిర్బంధించిరి. వారిలో నెవరు ఎవరిని బెదరించిరి? 2015 మార్చి 24న మన తెలుగువారైన జాస్తి చలమేశ్వరుగారును, రోహింటన్ నారీమన్ గారును కూర్చున్న సుప్రీముకోర్టు ధర్మాసనము ఆ సెక్షనును కొట్టివేసినది. అయినను ఠాణాలలో అది చావలేదు. దానిక్రింద ఎవరిపైనను విచారణ నడపరాదని 2022 అక్టోబరులో ఆ కోర్టే మరల ఆజ్ఞాపింపవలసివచ్చెను. చచ్చిన పాము ఏడేండ్లు కరచుచునే యుండెనన్నమాట!

పరుషవాక్యము వేరు, బెదరింపు వేరు. నాయకుని వెక్కిరించినవాని వాకిట తెల్లవారకమునుపే జీపు నిలుచును. పేదవాని కూతురు కన్నీటితో పోయిన “ఖాతా మూసివేయుమమ్మా” అని హితబోధ! ఇది చట్టపు లోపమా, మనుష్యుల లోపమా?

మా కోహీరునకు బీదరు కూతవేటు దూరము. వాడు కర్ణాటకమువాడు, మా పరిధి కాదనుట చెల్లదు. వలదన్న స్త్రీని ఫోనులో మరల మరల వెంటాడుట 78వ సెక్షను క్రింద పోలీసులు స్వయముగా చేపట్టదగిన నేరము. అట్టి నేరము ఎచ్చట జరిగినను, ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెనని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను శాసించుచున్నది. కావున తండ్రులారా, ఆ వర్తమానమును చెరిపివేయకుడు. పిల్ల చేతి ఫోను పిల్లకే యిచ్చి, ఆమెవెంట ఠాణాకు మీరే నడువుడు. ఫిర్యాదు ప్రతి చేతికందువరకు ఆ బల్లయొద్దనుండి లేవకుడు.