పటములో మారిన ముఖములు

సూర్యాపేటనుండి కోదాడకు బోవు రాజమార్గమున నిరుప్రక్కలను, మిర్యాలగూడ బజారులలోను, నేడు చెట్లకంటె ఫ్లెక్సీలే హెచ్చుగా గానవచ్చుచున్నవి. జన్మదినోత్సవములు, బియ్యపు సంచులు, బంగారు నగలు, కళాశాలల ర్యాంకులు, నాయకుల స్వాగతములు అన్నియు వానిమీదనే. పూర్వము ప్రకటన వ్రాయువాడు కుంచె పట్టి నిచ్చెన యెక్కెడివాడు. ఇపుడాతడు కంప్యూటరు ముందు గూర్చుండి యొకరి తలను వేఱొకరి మెడమీద బెట్టుచున్నాడు. అట్లు పెట్టుటలో నొక్కొక్కప్పుడు పొరపాటు జరుగును. జనులు చూచి నవ్వుదురు. మేమును నవ్వితిమి. అయితే యెట్టిదానికి నవ్వవచ్చును, ఎట్టిదానికి నవ్వరాదు అను విషయమున మాకొక యభిప్రాయము గలదు. దానిని విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును మనవి చేయ దలచితిమి.

నవ్వదగినవి లేకపోలేదు. పటమును కుడియెడమలుగా ద్రిప్పివేసినపుడు స్త్రీల పమిట యెడమ భుజమును వీడి కుడి భుజముమీదికి దాటును. చొక్కా జేబు కుడిరొమ్మున మొలచును. వెనుకనున్న యంగడి పేరు అద్దములో జూచినట్లు కుడియెడమలు తాఱుమాఱగును. మన బాలు రిట్టివానిని వెదకి పట్టుటలో మిక్కిలి నేర్పరులు. ఈ నడుమ కృత్రిమమేధచే గీయించిన ప్రకటనలలో ఆఱువ్రేళ్ల చేతులును, తెలుగువలె గనబడుచు నే మాటయు గాని యక్షరములును బయలుదేఱినవి. వీనివలన నెవరికిని మానహాని లేదు గనుక కడుపార నవ్వవచ్చును.

ఈ పనికి సాధనమైన ఫోటోషాప్ 1990లో విపణికి వచ్చెను. అమెరికాలోని నోల్ సోదరులు దానిని గల్పించిరి. 1994లో దానికి పొరల యేర్పాటు చేరెను. గాజుపలకలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు, ముఖ మొక పొర, చేయి యొక పొర, వెనుక గోడ యొక పొర. తొందరలో నొకదానిని మార్చి మఱియొకదానిని మఱచినచో ముఖము మారును, చేయి మారదు. మైక్రోసాఫ్టువంటి మహాసంస్థకే 2009లో నిట్లయినది. అమెరికా కొఱకు సిద్ధపఱచిన పటములో ముగ్గురు గూర్చుండియుండగా అందొకడు నల్లజాతీయుడు. పోలండు దేశపు ప్రతిలో నాతని తల దీసి తెల్లవాని తల నతికించిరి; చేయిమాత్రము నల్లనిదే యుండిపోయెను. లోకమెల్ల నవ్వెను. సంస్థవారు క్షమాపణ చెప్పుకొనిరి. ఆ నవ్వంతయు చేతిని గూర్చినది. మేము తలను గూర్చి యాలోచింపుడని కోరుచున్నాము. చేతిని మఱచుట పొరపాటు. తలను దీయుట పొరపాటు గాదు. అది యొకరు తలచి చేసిన పని.

మన కోదాడ సంగతి యింతకంటె దగ్గఱిది. 2018 ఆగస్టు నెలలో తెలంగాణ ప్రభుత్వము రైతుబీమా, కంటివెలుగు అను పథకములను గూర్చి పత్రికలలో ప్రకటనలు వేయించెను. కోదాడ ప్రాంతపు పేద యిల్లా లొకతె రెంటను గానవచ్చెను. ఒకదానిలో నామె ప్రక్క నున్నవాడు ఆమె భర్తయే. రెండవదానిలో నాతని స్థానమున వేఱొక పురుషు డుండెను. జను లా రెండు పటములను ప్రక్కప్రక్కను జేర్చి యొకరి కొకరు పంపుకొని నవ్విరి. కండ్ల పరీక్షలు చేయించు ప్రభుత్వమువారి ప్రకటన యే యధికారి కంటను బడక యచ్చునకు బోయెను గదా యని నవ్వు వచ్చుట సహజమే. ఆ దంపతులకు మాత్రము నవ్వు రాలేదు. తమ పటము నిట్లు వాడుదురని తామెఱుగమనియు, ఎగతాళి మాటలు పడవలసి వచ్చినదనియు వారు పత్రికలవారితో జెప్పుకొనిరి. పల్లెపట్టున నొక యిల్లాలిని పరపురుషుని ప్రక్కను భార్యగా నిలిపి యూరూర జూపుట యనగా నెట్టిదో యీ ప్రాంతపువారికి మేము వివరింప బనిలేదు.

రైతుబీమా యనగా, 18 మొదలు 59 ఏండ్ల వయస్సుగల రైతు చనిపోయినచో, అతడు ముందుగా వ్రాసియిచ్చిన నామినీకి 5 లక్షల రూపాయలు చెల్లించు పథకము. మంచి పథకమే. భర్త యెవరు, భార్య యెవరు, పేరేమి యని కాగితములు సరిచూడక యందొక రూపాయియు గదలదు. ప్రకటనలో భర్తను మార్చుటకు మాత్ర మొక్క కాగితమును గావలసి రాలేదు. నాయకుని మీసము వంకరగా వచ్చినను నాలుగు మారులు దిద్దింతురు. పేదవాని ముఖము గాబట్టి యే ముఖమైన నేమి యనుకొనిరి. మా మనస్సును నొప్పించిన దిదియే.

ముఖములను గలుపుటయే తప్పని మేమనుట లేదు. తండ్రి గతించిన పిదప, ఆయన గుర్తింపుకార్డు మీది చిన్న పటమును దెచ్చి, తల్లి ప్రక్కను జేర్చి పెద్దపటము చేసి యిమ్మని స్టూడియోవారి నడుగుట మన యిండ్లలో నున్నదే. బ్రదికియున్నపు డొక్కమారును గలిసి పటము దీయించుకొనని దంపతు లట్లు గోడమీద గలియుదురు. వెలుతురు సరిపడదు, ఎన్నడును కోటు దొడుగని రైతు మెడకు నల్లకోటు వచ్చును, ఆమె యఱువదియేండ్లది, ఆయన ముప్పదియేండ్లవాడు. అయినను ఆ యింటికి వచ్చినవా రెవరును నవ్వరు. అడిగి చేయించుకొన్నవారు ఆ యింటివారే గదా.

విద్యాలయము లీ దోషమునకు బయటివి కావు. 2000వ సంవత్సరమున అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు తమ ప్రవేశపు పుస్తకము అట్టమీద ఫుట్‌బాల్ ఆట చూచు విద్యార్థుల పటమును వేసిరి. అందఱును తెల్లవారే యుండుటచే, తమయొద్ద నన్ని జాతులవారును జదువుచున్నారని చూపుటకై, యొక నల్లజాతి విద్యార్థి ముఖమును వేఱొక పటమునుండి కోసి యందు జొప్పించిరి. అతడా యాటకు బోయినవాడే కాడు. దానిని బయటపెట్టినవారు విద్యార్థుల పత్రికవారు. ఈ సంచికకు వ్యాసములు వ్రాయు మన బాలురు దీనిని గమనింపవలెను. మన తెలుగునాట ర్యాంకుల ప్రకటనలలో నొకే బాలుని ముఖము రెండు సంస్థల పలకలమీద నవ్వుచుండుట చదువరు లెఱుగనిది గాదు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థవారు శిక్షణ సంస్థల ప్రకటనలకు నియమములు వెలువరించిరి. వానినిబట్టి, విద్యార్థి కృతార్థుడైన పిమ్మట, అతని వ్రాతమూలకమైన సమ్మతి లేనిదే యాతని పేరుగాని పటముగాని వాడరాదు. చేర్చుకొనునపుడే పత్రముమీద వ్రాలు చేయించుకొని దాచుకొనుట యిక చెల్లదు. తల్లిదండ్రు లీ మాటను గుర్తుంచుకొందురు గాక.

తప్పంతయు పటము కూర్చినవానిదే యని కొంద ఱందురు. ఇది మాకు సమ్మతము గాదు. రాత్రి పది గంటలకు బని వచ్చును, తెల్లవాఱునప్పటికి ముగింపవలెను, కూలి స్వల్పము. అట్టి పనిలో మన పాఠశాలలో జదివిన యువకులును గలరు. వాని చేతికి ఆ ముఖము నిచ్చిన దెవరు, ఎవరి నడిగి యిచ్చిరి, అచ్చునకు బోవుటకు ముందు చూడవలసినవా రెవరు అని విచారింపక, చివర నున్నవానిని దండించుట సులభమే.

మా మట్టుకు మాకు దోచిన దొక చిన్న యేర్పాటు. పాఠశాలలో బాలబాలికల పటము దీయించునపుడెల్ల, ఎవరిది, ఏనాడు దీసితిమి, దేనికొఱకు దీసితిమి అని యొక పుస్తకములో వ్రాసి, తల్లిగాని తండ్రిగాని వ్రాలు చేయవలెను. చదువురానివారికి జదివి వినిపించి వ్రేలిముద్ర వేయింపవలెను. వేఱొక పనికి వాడదలచినచో మఱల నడుగవలెను. పుస్తకమును చిత్రలేఖనపు టుపాధ్యాయులవారు తమ బీరువాలో నుంచుకొనవచ్చును. దీనికి ముప్పది నలువది రూపాయలకంటె వ్యయము గాదు. వచ్చు జూనులో బడి తెఱచునాటికే దీని నారంభింప వచ్చును.