చెకిన్ కౌంటర్‌లో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారు? అడిగే సిబ్బందికి శిక్షణ ఎందుకు?

శంషాబాద్‌లోనో, గన్నవరంలోనో మీరు చెకిన్ కౌంటర్ ముందు నిలబడతారు. సూట్‌కేస్ బెల్టు మీద పెట్టగానే అవతలి ఉద్యోగి అడుగుతారు: ‘‘పవర్ బ్యాంక్, లైటర్ లాంటివేమైనా ఉన్నాయా?’’ మనలో చాలామంది ఫోన్ చూసుకుంటూనే ‘‘ఏం లేవండీ’’ అనేస్తాం.

ఆ ప్రశ్న మాటవరసకు అడిగేది కాదు. దాని వెనుక 110 మంది ప్రాణాలు పోయిన ఘటన లాంటి చేదు అనుభవాలున్నాయి.

అసలేం జరిగింది?

1996 మే 11న అమెరికాలోని మయామిలో బయల్దేరిన వాల్యూజెట్ 592 విమానం పది నిమిషాలకే ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో కూలిపోయింది. అందులోని 110 మందీ చనిపోయారు.

కార్గో అరలో ఐదు అట్టపెట్టెలున్నాయి. వాటిలో ఉన్నవి గడువు తీరిన ఆక్సిజన్ జనరేటర్లు. అత్యవసర సమయంలో ప్రయాణికుల మాస్కులకు ఆక్సిజన్ అందించేవి ఇవే. పనిచేసేటప్పుడు విపరీతంగా వేడెక్కుతాయి. అవి పొరపాటున పనిచేయకుండా పెట్టాల్సిన ప్లాస్టిక్ మూతలు పెట్టలేదు. పెట్టినట్లు మాత్రం రికార్డుల్లో సంతకాలున్నాయి. సరుకు కాగితం మీద ‘ఖాళీ’ అని రాశారు.

గాలి అందకపోతే మంట దానంతటదే ఆరిపోతుందన్న లెక్కతో ఆ కార్గో అరను తయారుచేశారు. కానీ లోపలున్న సరుకే మంటకు ఆక్సిజన్ అందించింది.

మరో విషయం. ప్రమాదకర సరుకు తీసుకెళ్లేందుకు ఆ సంస్థకు అనుమతే లేదు. ‘మేం అలాంటివి తీసుకెళ్లం’ అని రాసి పెట్టుకుంటే సరిపోదు. పెట్టె చూడగానే అనుమానించే మనిషి ఉండాలి. అందుకే ప్రమాదకర సరుకు తీసుకోని విమానయాన సంస్థల సిబ్బందికి కూడా ఇప్పుడు ఈ శిక్షణ తప్పనిసరి.

ఎవరికి, ఏం నేర్పిస్తారు?

ఐక్యరాజ్యసమితికి చెందిన పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రపంచవ్యాప్త నియమాలు రూపొందిస్తుంది. భారత్‌లో 2003లో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. అమలు బాధ్యత డీజీసీఏది.

పేలుడు పదార్థాల నుంచి లిథియం బ్యాటరీల వరకు ప్రమాదకర వస్తువులను తొమ్మిది తరగతులుగా విభజించారు. సరుకు తీసుకునేవారు కాగితాలు, ప్యాకింగ్, లేబుళ్లు సరిచూడాలి. లోడర్లు కారుతున్న పెట్టెను గుర్తించాలి. ఒకదాని పక్కన ఒకటి పెట్టకూడనివేవో తెలిసి ఉండాలి. ఏ సరుకు ఎక్కడుందో పైలట్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. 24 నెలలకోసారి అందరూ మళ్లీ శిక్షణ తీసుకోవాలి.

2023 నుంచి ఈ శిక్షణ పద్ధతి మారింది. ఉద్యోగి హోదాను బట్టి కాకుండా, చేసే పనిని బట్టి నేర్పిస్తున్నారు. పరీక్షలో మార్కులొస్తే చాలదు, ఆ పని సరిగ్గా చేయగలరని తేలాలి.

అసలు కష్టం ఎక్కడ?

లేబుల్ ఉన్న పెట్టెను గుర్తించడం తేలికే. లేబుల్ లేని పెట్టెతోనే చిక్కు. ‘వాహన విడిభాగాలు’ అని రాసి ఉంటే లోపల ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. ‘ఇంటి సామాన్లు’ అంటే పెయింట్ డబ్బా కావచ్చు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ కార్గో విమానం మంటల్లో చిక్కుకుని కూలిపోయింది. ఇద్దరు పైలట్లు మరణించారు. అందులోని కొన్ని లిథియం బ్యాటరీలను ప్రమాదకర సరుకుగా ప్రకటించలేదని దర్యాప్తులో తేలింది.

హైదరాబాద్ నుంచి టీకాలు, మందులు విమానాల్లో వెళ్తుంటాయి. వాటిని చల్లగా ఉంచే డ్రై ఐస్ కూడా ఈ జాబితాలోదే. అది కరిగి నీరు కాదు, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు బయటికి పోయే దారి లేకుండా పెట్టెను మూసేస్తే పగిలిపోవచ్చు. పిల్లల కోసం విదేశాలకు పట్టుకెళ్లే ఎండుకొబ్బరి కూడా తనంతట తాను వేడెక్కే పదార్థమే. ఐక్యరాజ్యసమితి జాబితాలో దాని నంబరు యూఎన్ 1363.

అనుమానం వచ్చిన పెట్టెను ఆపితే విమానం ఆలస్యం కావచ్చు. అప్పుడు ఆపిన ఉద్యోగిని ‘ఎందుకు ఆపావ్’ అని మందలిస్తే, నేర్పిన శిక్షణంతా సర్టిఫికెట్‌కే పరిమితం అవుతుంది. గుర్తుపట్టడం నేర్పినంత మాత్రాన సరిపోదు, ఆపినవారి వెనుక యాజమాన్యం నిలబడాలి.

మీరేం చేయాలి?

పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు చెకిన్ బ్యాగులో పెట్టకండి, చేతి బ్యాగులోనే ఉంచుకోండి. క్యాబిన్‌లో పొగ వస్తే సిబ్బంది వెంటనే చూసి ఆర్పగలరు. కింద కార్గోలో ఆ వీలుండదు. సాధారణంగా 100 వాట్ అవర్స్ వరకు అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే సుమారు 74 వాట్ అవర్స్. ఎయిర్‌లైన్‌ను బట్టి నియమాలు మారతాయి కాబట్టి ముందే చూసుకోండి.

చోటు లేదని బోర్డింగ్ గేటు దగ్గర మీ చేతి బ్యాగు తీసుకుంటే, ముందు పవర్ బ్యాంక్ బయటకు తీయండి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

ఈసారి కౌంటర్‌లో ఆ ప్రశ్న అడిగినప్పుడు ఒక్క క్షణం ఆలోచించి జవాబివ్వండి. మూసిన సూట్‌కేసులో ఏముందో ఆ ఉద్యోగి కంటే మీకే బాగా తెలుసు.