నడిమి పేరు

తెలుగునాట మగబిడ్డ పేరు సాధారణముగా మూడు ముక్కలుగా నుండును. మొదట నింటిపేరు, కడపట పిలుచు పేరు, ఈ రెండింటి నడుమ నొక చిన్న మాట. ఇంటిపేరును మన మెన్నుకొనము. అది పుట్టుకతోడనే వచ్చును. పిలుచు పేరునకై యిల్లంతయు నెలల తరబడి తర్జనభర్జనలు పడును. నడిమి మాటను మాత్రము పురోహితులు పళ్లెరములో బియ్యము పోయు వేళకు ఎవరో యొకరు "వేంకట యని చేర్చుడు, మ్రొక్కున్నది" యనగా చేర్చివేయుదురు. పిమ్మట దానిని తలంచువారుండరు. బడిలో నది యొక పొడియక్షరమై పోవును.

మా యింటివారి తరగతి పట్టికకు మేమప్పుడప్పుడు శుద్ధప్రతి వ్రాసి యిచ్చుచుందుము. అందు 'వెం.' అను నక్షరము లేని పుట లేదు. ఏడుకొండలవానియందలి భక్తికి మాకు సంతోషమే గాని, ఆ యక్షరము చూచి యే బాలుడో పోల్చుకొనుట యెవరి తరమును గాదు. గురజాడ వేంకట అప్పారావుగారును (1862–1915), గిడుగు వేంకట రామమూర్తిగారును (1863–1940) విజయనగరమున కలసి చదువుకొన్న మిత్రులు. పొడియక్షరములలో నిద్దరును జి.వి. గారలే. (ఇద్దరును వ్యావహారిక భాషకై పాటుపడినవారు, వారిని గ్రాంథికములో తలంచుటకు మాకు కొంచెము జంకుగానే యున్నది.)

ఈ నడిమి మాటను గూర్చి యొక సోదరి మాకు దీర్ఘమైన జాబు వ్రాసినారు. ఆమె తలిదండ్రులకు ఏకపుత్రిక. తండ్రిగారు నిరుడు గతించినారు. ఆయనతో ఆ యింట నింటిపేరు నిలిచిపోయినది. ఇప్పు డీమెకు తొలిచూలు మగబిడ్డ కలిగినాడు. పిలుచుటకు దంపతులిరువురును రెండక్షరముల క్రొత్తపేరు నొకదానిని నిర్ణయించుకొన్నారట. దానికి ముందు తన తండ్రిగారి పేరులోని మాట నొకదానిని చేర్చవలెనని యామె కోరిక. అత్తగారు మాత్రము, "ఆడుపిల్ల తండ్రి పేరు మా వంశమున కెక్కదు, కావలసిన రెండవ బిడ్డకు చూతము" అని నిలిచియున్నారు. మామగారు సజీవులు, సమీపముననే యున్నారు, ఏమియు ననలేదట. భర్త అమెరికాలో నుద్యోగి, "అక్కడ నడిమి పేరు నెవరు పలుకుదురు, ఏదైన నేమి?" అని తేల్చివేసినారట.

అత్తగారి మాటకు శాస్త్రబలము లేదని మేమనజాలము. రెండువేల యేండ్లకు పైబడిన పతంజలి మహాభాష్యములో, వ్యాకరణము నేల చదువవలెనను ప్రశ్నకు చెప్పిన ప్రయోజనములలో కొడుకునకు పేరు పెట్టుట యొకటి. బిడ్డ పుట్టిన పదవ దినము దాటిన పిమ్మట పేరు పెట్టవలెను. అది నాదముగల హల్లుతో మొదలు కావలెను. లోపల య ర ల వ లలో నొకటి యుండవలెను. రెండో నాలుగో యక్షరములు గలదై యుండవలెను. శత్రువులయందు ప్రసిద్ధమైనది కారాదు. దేవదత్తుడను పేరును ఈ కొలతలకు పెట్టి చూడుడు, చక్కగా సరిపోవును. ఈ నియమములలోనే మరియొకటి యున్నది: పేరు మూడు తరముల పూర్వపురుషులను స్మరింపజేయునదిగా నుండవలెను. ఆ మువ్వురును తండ్రి వైపువారే యని వ్యాఖ్యాతలు చెప్పుదురు. దంపతుల క్రొత్తపేరును చూచి పెదవి విరుచు పెద్దలుందురు గనుక ఇంకొక మాట చెప్పవలసియున్నది. రెండక్షరముల పేరు పతంజలికి సమ్మతమే. అర్థము తెలిసి పెట్టిన చాలును.

అయితే శాస్త్రమంతయు నా యొక్క వాక్యమున ముగియలేదు. పితృతర్పణమున తండ్రి, తాత, ముత్తాతల తోడనే ఆగక, తల్లి తండ్రికిని, ఆయన తండ్రికిని, ఆయన తాతకును నామగోత్రములు చెప్పి నీళ్లు విడుచుట మన యాచారము. అంతియేకాదు, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు, మన మింట దేవీనవరాత్రములకు కలశము పెట్టుకొను నాడే, తండ్రి సజీవుడై యున్న బాలుడు సైతము మాతామహునకు శ్రాద్ధము పెట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. మేనమామ యున్నను పెట్టవలెనట. ఈ సోదరి యింట మేనమామయు లేడు. ఆ వృద్ధుని పేరు పలికి గ్రుక్కెడు నీళ్లు విడువవలసినవాడు ఈ పొత్తిళ్లలోని బిడ్డయే. పలుకవలసిన పేరు తన పేరులో నున్నచో వంశమున కేమి మైల? బ్రతికినంత కాలము చేతితో వ్రాసికొనిన పేరును ఆనాడు పురోహితు నడిగి తెలిసికొన నక్కరలేదు గదా!

తర్పణముల యాచారము లేని యిండ్లవారును ఈ మాటను మరియొక దారిని యోచింపవచ్చును. తొలి కాన్పు పుట్టింటనే జరుగును. పథ్యము పెట్టువారు, రాత్రులు మేలుకొనువారు తల్లి వైపువారే. బారసాలకు ఉయ్యెలయు, బిడ్డకు బట్టలును, మొలత్రాడును తెచ్చువారు అమ్మమ్మగారింటివారే. ఉయ్యెలను తెమ్మని యడుగుదుము, అందులో పండుకొను బిడ్డకు పేరులో సగమైనను తేరాదందుమా? పైగా ఇంటిపేరు యావత్తు తండ్రి వంశమునదే. దాని నెవరును కదల్పలేదు.

తాతల పేర్లు నడుమ నుండుటలో నింకొక సుఖము గలదు. పూర్వము తాత పేరు మనుమనికి పిలుచు పేరుగా పెట్టినపుడు, మామగారి పేరు నోట పలుకరాని కోడలు బిడ్డను అబ్బాయీ యనియో, చిన్నా యనియో పిలుచుచుండెడిది. ఇక కోపము వచ్చినపుడు ఆ పేరు పెట్టి కేకలు వేయుట యెట్లు? నడుమ నున్న పేరునకు ఆ యిక్కట్టు లేదు. గౌరవమునకు గౌరవము దక్కును, అల్లరికి తిట్లు పిలుచు పేరునకే పోవును.

ఏ మాట తీసికొనవలెనన్నది యిక ముఖ్యము. పెద్దవారి పేరు మొత్తము తెచ్చి నడుమ పెట్టినచో బిడ్డకు తన పేరు వ్రాయుటయే యొక పాఠమగును. సగము తీసికొనుడు, కాని వారి నూరివారు పిలిచిన సగమును తీసికొనుడు. వేంకటరామయ్యగారిని లోకమంతయు రామయ్యగారని పిలిచియుండగా, మనుమనికి వేంకట యని పెట్టిన ఆయన యెక్కడ వచ్చినట్లు? రామ యని పెట్టుడు. పిమ్మట మూడు మాటలను కలిపి గట్టిగా నాలుగైదు మారులు పలికి చూడుడు. సూర్య భాస్కరుడనిన సూర్యుడు రెండు మారులుదయించును. శివ మహేశ్వరుడును ఆ జాతిదే. కొన్ని పేర్లు జంటవలె కనబడినను ఒకటియే. నందమూరి తారక రామారావుగారి (1923–1996) పేరులో తారక యన్నది విడి మాట గాదు. తారకరాముడు, తరింపజేయు రాముడని యర్థము. అట్టి దానిని విడదీసి సగము పారవేయరాదు.

భర్తగారి సందేహమునకును కొంత చెప్పవలసియున్నది. దూరదేశపు కాగితములలో మొదటి పేరు, నడిమి పేరు, కడపటి పేరని మూడు గడులుండును. మన పేర్లాగడుల కొలత కల్లినవి కావు. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారి (1946–2020) రెండు పొడియక్షరములును ఇంటిపేరే. అందు నడిమి పేరేదియు లేదు. హైదరాబాదున 1967లో జన్మించి 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్ళగారి పూర్తి పేరు సత్యనారాయణ. మన యింట నది వ్రతకథలోని యొకే దేవుని పేరు. లోకమునకు వినబడునది మొదటి సగమే. మన దేశపు పాస్పోర్టులో నడిమి గడియే లేదు. ఇంటిపేరున కొకటి, తక్కిన పేరంతటికిని ఒకటి, రెండే గడులు. ఆ రెండవ గడిలో ముందు వ్రాసిన మాటనే అక్కడివారు పిలుచు పేరుగా గ్రహింతురు. మన యలవాటు చొప్పున తాతగారి పేరు ముందు వ్రాసినచో, బడిలో ఉపాధ్యాయిని బాలుని తాతగారి పేరుననే పిలుచును; వాడు పలుకడు. కావున కాగితములలో పిలుచు పేరు ముందును, తాతగారి మాట దాని వెనుకను వ్రాయించుడు. శుభలేఖలలో మన వరుసనే వ్రాసికొనవచ్చును. అక్కడ నెవరు పలుకుదురని భర్తగా రడిగినారు. ఎవరును పలుకకపోవచ్చును. అమ్మమ్మ పలుకును.

అత్తగారితో వాదము పెంచుకొనవలదని మా మనవి. రెండవ బిడ్డకు చూతమన్న మాటలో నామె ద్వారము పూర్తిగా మూయలేదు. రెండవ బిడ్డ పుట్టునో, మగబిడ్డయే యగునో యెవరెరుగుదురు? ఆ మాట ఆమెకును తెలిసినదే. మామగారిని మీ భర్తచేత నడిగించుడు. వియ్యంకుడు పోయిన యేడాదికే ఆయన పేరు తన యింటి పట్టికలో వ్రాయుటకు సమ్మతమా యని నేరుగా నడిగించుడు. ఊరకున్నవారెల్లరును కాదన్నవారు కారు.

తొందరయు లేదు. జననమును 21 దినములలో తెలుపవలెనన్నది నియమము గాని, పేరు లేకయే జననము నమోదగును. 1969 నాటి చట్టము క్రింద బిడ్డ పేరును పండ్రెండు మాసములలో రుసుము లేకుండ చేర్పింపవచ్చును. ఆ తరువాత 15 ఏండ్ల వరకును ఆలస్యపు రుసుముతో చేర్చుదురు. ఒక జాగ్రత్త మాత్రము తప్పదు. 2023 అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన పిల్లలకు బడిలో చేర్చుటకైనను, పాస్పోర్టునకైనను పుట్టిన తేదీకి జననపత్రమే యాధారము. దానిలో పొడియక్షరములు వలదు. మూడు మాటలను నిండుగా, ఒకే వర్ణక్రమముతో వ్రాయించి, తక్కిన కాగితము లన్నింటను దానినే దింపుడు. బారసాలనాడు బియ్యములో కులదేవత పేరు, మాసనామము, నక్షత్రనామము, వ్యవహారమునకు మీరెన్నుకొన్న రెండక్షరముల పేరు వ్రాయుడు. మామగారు నోరు విప్పువరకు నమోదు కాగితమును కదల్పకుడు.