ఆఫీసు చేదైనా.. చేసిన పని మీదే!

రెజ్యూమెలో ఏది కష్టం అంటే ‘ఇంగ్లిష్’ అంటారు చాలామంది. నన్నడిగితే అంతకంటే కష్టమైంది ఇంకోటుంది. మనల్ని ఏడిపించిన ఆఫీసు పేరును మళ్లీ మన చేత్తోనే టైప్ చేయడం. ఆ పేరు, చేరిన నెల, మానేసిన నెల... అక్కడికొచ్చేసరికి వేళ్లు ఆగిపోతాయి.

నా తొలి ఉద్యోగం హైదరాబాద్‌లో, కస్టమర్ సపోర్ట్. 14 నెలలు చేశా. ‘నువ్వు దేనికీ పనికిరావు’ అని టీమ్ మొత్తం ముందు అనడం మా మేనేజర్‌కి అలవాటు. మానేశాక రెజ్యూమె రాద్దామని కూర్చుంటే ఆ గొంతే వినపడేది. హాస్టల్లో మా రూమ్మేట్ చూసి చూసి, ‘ఆయన ఏమన్నాడో వదిలేయవే. పొద్దున లాగిన్ అయ్యాక నువ్వేం చేసేదానివో చెప్పు’ అంది. నేను చెబుతుంటే తను రాసింది. రోజుకి 60 దాకా కాల్స్. తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో, కోపంగా ఉన్నవాళ్లకి సర్దిచెప్పడం. రీఫండ్ రాకపోతే ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకోవడం. కొత్తగా చేరిన నలుగురికి పని నేర్పడం. ఆ కాగితంలో ‘పనికిరాని’ మనిషి ఎక్కడా కనిపించలేదు. రెజ్యూమెకి కావాల్సింది అదే. మన పని. వాళ్ల అభిప్రాయంతో దానికి సంబంధం లేదు.

సంజాయిషీ వద్దు: ‘ఎందుకు మానేశారు?’ అనే గడి రెజ్యూమెలో ఉండదు. చేసిన పనిని రెండు మూడు లైన్లలో, వీలైతే అంకెలతో చెప్పండి చాలు.

దాచేద్దామా?: రెండు మూడు వారాలు చేసినదైతే రెజ్యూమెలో వదిలేయొచ్చు. కానీ కంపెనీ ఇచ్చే ఫారమ్‌లో పాత ఉద్యోగాలన్నీ అడిగితే రాయాల్సిందే. పీఎఫ్ కట్ అయి ఉంటే, యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఆ ఉద్యోగం కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు దాన్ని చూస్తాయి. అందుకే తేదీలు సాగదీయకండి. పాత కంపెనీ ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ వేయకపోతే, చివరి పీఎఫ్ జమై రెండు నెలలు దాటాక పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

ఖాళీ నెలలు: కోలుకోవడానికి టైమ్ పట్టిందా? పట్టనివ్వండి. లింక్డ్‌ఇన్ కూడా 2022 నుంచి ప్రొఫైల్‌లో ‘కెరీర్ బ్రేక్’ అని పెట్టుకునే వీలిచ్చింది. ఆ నెలల్లో ఏదైనా నేర్చుకుని ఉంటే ఒక లైన్ రాయండి.

లెటర్ ఇవ్వకపోతే: రిలీవింగ్ లెటర్ కోసం తిప్పించుకునేవాళ్లు ఉంటారు. ఆఫర్ లెటర్, పే స్లిప్‌లు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, రాజీనామా మెయిల్, దానికొచ్చిన జవాబు.. ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. కొత్త హెచ్‌ఆర్‌కి విషయం ముందే చెప్పి ఇవి చూపించొచ్చు. రిఫరెన్స్‌గా ఆ మేనేజర్ పేరే ఇవ్వక్కర్లేదు. మీ పని దగ్గరుండి చూసిన సీనియర్‌ని అడిగి, వాళ్లు సరేనన్నాకే నంబర్ ఇవ్వండి.

అంటే జరిగింది మింగేసి ఊరుకోమని కాదు. ఫిర్యాదు దారి వేరు, రెజ్యూమె దారి వేరు. లైంగిక వేధింపుల విషయమైతే 10 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

ఇక ఇంటర్వ్యూలో ‘ఎందుకు మానేశారు?’ తప్పకుండా వస్తుంది. ‘అక్కడి పనితీరు నాకు సరిపడలేదు. కస్టమర్లతో మాట్లాడటం బాగా నేర్చుకున్నా. ఆ పనే ఇంకా పెద్ద స్థాయిలో చేయాలనుకుంటున్నా’.. ఇలా నిజమే, మూడు ముక్కల్లో. గొంతు వణక్కుండా వచ్చేదాకా ఇంట్లో బయటికి అని చూడండి. ఆ తర్వాత మీ వంతు. ‘ఈ టీమ్‌లో ఎవరైనా తప్పు చేస్తే ఎలా చెబుతారు?’ అని మీరూ అడగండి. చెప్పే మాటతో పాటు చెప్పేవాళ్ల ముఖం కూడా గమనించండి. ఈసారి వాళ్లు మిమ్మల్ని ఎంచుకుంటే సరిపోదు, మీరూ వాళ్లని ఎంచుకోవాలి.