యాంటీబయాటిక్ పక్కన గ్యాస్ సిరప్పా? టైము రాయండి!

మూడు రోజులుగా డాక్సీసైక్లిన్ వాడుతున్నా జ్వరం తగ్గడం లేదంటూ ఆమధ్య ఓ రైతు మా ఓపీకి వచ్చారు. పరీక్షలో తేలింది స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ ఒంటికి పడితే సాధారణంగా రెండు రోజుల్లో దిగాల్సిన జ్వరమిది. మందు మార్చే ముందు, మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగాను. ‘కడుపులో మంట రాకుండా గ్యాస్ సిరప్‌తో కలిపి వేసుకుంటున్నా సార్’ అన్నారు. మందు మార్చలేదు, సిరప్ ఆపించాం. రెండు రోజులకు జ్వరం దిగింది.

గ్యాస్ సిరప్పుల్లో, చప్పరించే మాత్రల్లో ఉండేవి ప్రధానంగా అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి మందులు కడుపులో వీటితో అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న మందు రక్తంలోకి చేరదు. ఐరన్, జింక్, కాల్షియం మాత్రలతోనూ ఇదే చిక్కు.

నష్టం అక్కడితో ఆగదు. మందు పనిచేయలేదనుకుని డాక్టర్ ఇంకా పెద్ద యాంటీబయాటిక్ రాస్తారు. అరకొర డోసు తట్టుకున్న బ్యాక్టీరియా మొండికేస్తుంది.

ఇందులో తప్పు రోగిది కాదు, మాది. అవసరమున్నా లేకున్నా యాంటీబయాటిక్ పక్కన గ్యాస్ మందు రాయడం మాకు అలవాటైపోయింది. రెండింటికీ ‘పొద్దున, రాత్రి’ అని రాసేస్తే రోగి కలిపే మింగుతారు. ఓపీలో రద్దీ నిజమే. కానీ చీటీ మీద టైము రాయడానికి పది సెకన్లు చాలు. మందులిచ్చే ఫార్మసిస్టూ ఆ మాట మరోసారి చెప్పాలి.

సిప్రోఫ్లాక్సాసిన్‌ను సిరప్‌కు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. అంటే ఉదయం 8కి, రాత్రి 8కి మాత్ర వేసుకునేవారు సిరప్‌ను ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు తాగాలి. డాక్సీసైక్లిన్‌కు రెండు మూడు గంటల ఎడం ఉండాలి. దాన్ని అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉంటే మంట చాలావరకు రాదు. వేడి చేస్తుందని సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతోనో, మజ్జిగతోనో వేసుకోవద్దు.

ప్యాంటోప్రజోల్‌లో ఈ లోహాలు లేవు కాబట్టి వీటికి ఇలా అడ్డుపడదు. అయితే సెఫ్‌పోడాక్సిమ్ వంటివి కడుపులో ఆమ్లం తగ్గితే ఒంటికి సరిగా పట్టవు. కాబట్టి ఏ గ్యాస్ మందైనా సరే, సొంతంగా కలపొద్దు.

ఈసారి చీటీ అందుకున్నప్పుడు ‘ఈ రెండూ కలిపి వేసుకోవచ్చా డాక్టర్‌గారూ?’ అని అడగండి. అలా అడిగితే మేమేం అనుకోం. అడగకముందే చెప్పాల్సింది మేమే.