జనవరి 27 గురించి మన సభ తీర్మానం

పుదుచ్చేరి పట్టణంలో నెలకోసారి కూడే తెలుగు చదువరుల సభ, నవంబరు నెల సమావేశంలో చర్చించి, ఒక సవరణతో ఆమోదించిన తీర్మానం ఇది. ప్రతిపాదించినవారు కార్యదర్శి. బలపరచినవారు ఆదివారం తెలుగు బడి నడిపే పంతులమ్మగారు.

ఈ ఊళ్ళో విమోచన అంటే నవంబరు 1. 1954లో ఆ రోజున ఫ్రెంచివారు పాలన అప్పగించారు. మనలో యానాంవాళ్ళకు ఆ ఏడాది జూన్ 13 కూడా గుర్తే. తెలంగాణ నుంచి వచ్చినవారికి సెప్టెంబరు 17 ఉంది. ఎవరి తేదీ వారిది, కానీ మాట వినగానే అందరి మనసులోనూ మెదిలేది జెండా, మిఠాయి, సెలవు. 2005లో సరిగ్గా నవంబరు 1నే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 60/7 సంఖ్య గల తీర్మానంతో జనవరి 27ను హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల సామూహిక సంహారం) మృతుల సంస్మరణ దినంగా ప్రకటించింది. 1945లో ఆ రోజున సోవియట్ సైన్యం నాజీల ఆష్విట్జ్ శిబిరం చేరి, మిగిలినవారిని విడిపించింది.

ఆ విమోచనకు మన జెండా పండుగ పోలికలు లేవని సభ గమనించింది. సైనికులు వచ్చేసరికి ఆష్విట్జ్‌లో మిగిలినవారు సుమారు 7 వేల మంది, నడవలేని రోగులే ఎక్కువ. నడవగలిగిన దాదాపు 60 వేల మందిని నాజీలు అంతకు ముందే మంచులో పడమటికి తోలుకుపోయారు. దారిలో వెనకబడినవారిని కాల్చేశారు. అక్కడ అప్పటికే చంపినవారు సుమారు 11 లక్షలు, వారిలో అత్యధికులు యూదులు. అదే ఏడాది ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో అడుగుపెట్టినప్పుడు దాదాపు 60 వేల మంది ప్రాణాలతో ఉన్నారు. విడుదలయ్యాక కూడా వారిలో 13 వేల మందికి పైగా చనిపోయారు. టైఫస్ జ్వరం కొందరిని తీసుకుపోయింది. నెలల తరబడి మాడిన కడుపులకు సైనికులు జాలిపడి పెట్టిన తిండి అరగక మరికొందరు పోయారు. అన్నం పెట్టిన చేతికే ఆ చావు అంటింది. ఈ వాక్యం తీర్మానంలో అవసరమా అని సభ్యులొకరు అడిగారు. అవసరమేనని సభ భావించింది.

‘అది యూరపు గొడవ, మనకెందుకండీ’ అన్న మాట కూడా చర్చలో వచ్చింది. అందుకు జవాబుగా సభ రెండు పేర్లను రికార్డు చేస్తున్నది.

మొదటిది మిచిలోట్ మాధవన్. 1914లో మాహేలో పుట్టి, పుదుచ్చేరిలో చదివి, హరిజన సేవక సంఘంలో పనిచేసి, పై చదువుకు పారిస్ వెళ్ళాడు. అక్కడ కమ్యూనిస్టుల్లో కలిసి నాజీ ఆక్రమణను ఎదిరించాడు. 1942 మార్చిలో అతన్ని పట్టుకున్నది ఫ్రెంచి పోలీసులే. పట్టుకుని జర్మన్ల చేతిలో పెట్టారు. రోమెన్‌విల్ కోటలోని నిర్బంధ శిబిరంలో ఉంచారు. ఆ సెప్టెంబరులో పారిస్‌లో జర్మన్ సైనికులకు కేటాయించిన ఒక సినిమా హాలు దగ్గర బాంబు పేలితే, దానికి ప్రతీకారంగా 116 మంది బందీలను ఎంచారు. వారిలో 46 మందిని సెప్టెంబరు 21న మోన్ వలేరియన్ దగ్గర కాల్చారు. మాధవన్ వారిలో ఒకడు, వయసు 28. శిబిరాల తలుపులు తెరుచుకునే రోజు అతనికి రాలేదు.

రెండో ఆయనకు వచ్చింది. బెర్నార్ ఆంజాంజే ఫ్రెంచి ప్రతిఘటన దళంలో చేరిన కుర్రాడు. 20 ఏళ్ళ వయసులో నాజీ రహస్య పోలీసు దళమైన గెస్టపోకు చిక్కి, ఏడాదిన్నర పాటు బూకెన్‌వాల్డ్, మౌట్‌హౌజెన్ శిబిరాలు చూశాడు. బయటపడ్డాక ఉద్యోగం మీద వచ్చింది మన ఊరికే, ఇక్కడి ఫ్రెంచి ప్రభుత్వంలోకి. 1946లో అరవిందులను దర్శించుకున్నాడు. తరువాత వెళ్ళిపోయి, తిరిగి వచ్చి, అరవిందాశ్రమపు శ్రీమాత పెట్టిన సత్‌ప్రేమ్ అన్న పేరుతో స్థిరపడ్డాడు. ఆశ్రమం పుస్తకాలు చదివే మనవాళ్ళలో చాలామందికి ఆ పేరు తెలుసు, ఆ ఏడాదిన్నర తెలియదు.

బీచ్ రోడ్డులోని ఫ్రెంచి యుద్ధ స్మారకం మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవారి కోసం 1938లో కట్టినది. కనుక ఈ ఇద్దరి పేర్లు అక్కడ వెతికి ప్రయోజనం లేదు. మన నోటితోనే పలకాలి.

ఇక పంతులమ్మగారి ఫిర్యాదు. జనవరి 27 గురించి చెబుతూ ఆమె హిట్లర్ పేరెత్తగానే ఒక పిల్లవాడు ‘చిరంజీవి సినిమాయే కదా టీచర్’ అన్నాడట. తప్పు వాడిది కాదు. 1997లో వచ్చిన ఆ సినిమాలో హిట్లర్ అంటే చెల్లెళ్ళను కాపు కాసే అన్నయ్య. కథ మలయాళం నుంచి తెచ్చుకున్నది, అంటే మాధవన్ మాతృభాష నుంచి. దీన్ని వింత అనాలో ఇంకేమనాలో సభకు తోచలేదు. కఠినంగా ఉండే లెక్కల మాస్టారిని, పెత్తనం చేసే మామగారిని ముద్దుగా హిట్లర్ అనడం మనందరి ఇళ్ళలోనూ ఉన్నదే. సినిమాతో సభకు పేచీ లేదు. ఇకపై మన బడిలో, మన సమావేశాల్లో ఆ పేరును ముద్దుపేరుగా వాడరాదని మాత్రం తీర్మానించడమైనది. ఇంట్లో ఏమనుకుంటారో మీ ఇష్టం.

ప్రతి ఏటా జనవరి 27న సభ కూడి, పైన చెప్పిన ఇద్దరి జీవితాలను తెలుగులో చదివి వినిపించాలని కూడా తీర్మానించడమైనది. ఫ్రాన్సులో శిబిరాల బాధితులను తలచుకునేది ఏప్రిల్ చివరి ఆదివారం కాబట్టి, సెలవు రోజు కలిసొస్తుందని కొందరు ఆ తేదీ అడిగారు. ఏప్రిల్ చివరికి సగం సభ యానాంలో ఉంటుంది గనుక అది కుదరలేదు. బూకెన్‌వాల్డ్ గేటు మీది గడియారం విమోచన ఘడియ అయిన 3:15 దగ్గర ఆగి ఉంటుంది, ఆ వేళకే మొదలుపెడదామని ఒకరన్నారు. ఆఫీసులవాళ్ళు ఒప్పుకోలేదు. సాయంత్రం 6 గంటలకు ఖాయం చేశాం. ఉపన్యాసాలు ఉండవు, శాలువాలు ఉండవు.

సవరణ: 1962లో చైనాతో జరిగిన యుద్ధ సమయంలో మన ప్రభుత్వమే చైనా మూలాలున్న సుమారు 3 వేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించింది, కొందరిని ఏళ్ళ తరబడి. పొరుగువాడి పెరడు చూపించి మన పెరడు దాచడమేమిటని సవరణ తెచ్చినవారు అడిగారు. అది మృత్యు శిబిరం కాదు, రెంటినీ ఒక గాటన కట్టకూడదు అని అధ్యక్షులు అన్నారు. కట్టబోమని, పక్కన ఒక పేజీ చదువుతామని రాజీ కుదిరింది. సవరణ నెగ్గింది.

అనుకూలం 19, తటస్థం 2, వ్యతిరేకం లేదు. రిపబ్లిక్ డే మర్నాడు కాబట్టి హాల్లో కట్టిన కాగితం జెండాలు అప్పటికి విప్పకుండా అలాగే ఉంచాలా అన్న ప్రశ్న మిగిలింది. దానిని డిసెంబరు సమావేశానికి వాయిదా వేయడమైనది.